వలస వచ్చిన కుటుంబాల వంశచరిత్రను వెతికే విధానం: హైదరాబాదు నుంచి సమగ్ర మార్గదర్శి

పాత ట్రంకుపెట్టె తెరవకముందే ఒక తెల్లకాగితం తీసుకుని, మీ పూర్వీకుడు ఈ ఊరికి ఏ పనిమీద వచ్చాడో, ఆ పనికి జీతమో జాగీరో ఎవరి చేతినుంచి అందిందో రెండు వాక్యాల్లో రాయండి. తెలియకపోతే తెలియదనే రాయండి. హైదరాబాదుకు వచ్చి స్థిరపడిన కుటుంబాల చరిత్రను వెతకడంలో నేను గడిపిన ఏళ్లు నాకు నేర్పిన ముఖ్యమైన సంగతి ఇదే. ఇంటిపేరునో కులం పేరునో పట్టుకుని బయలుదేరితే దారి త్వరగా మూసుకుపోతుంది. వచ్చిన పనిని పట్టుకుంటే కాగితం దొరుకుతుంది. జీతం ఇచ్చినవాడు లెక్క రాసుకుంటాడు, పన్ను వసూలు చేసినవాడు పేరు రాసుకుంటాడు. సామాన్య కుటుంబం తన గురించి తాను రాసుకున్నది చాలా తక్కువ; దాని గురించి ఇతరులు రాసిపెట్టిందే ఎక్కువ.

ఈ ఊరికి కత్తి పట్టి వచ్చినవారు ఉన్నారు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బుల వారసులు నేటికీ బార్కస్‌లో ఉన్నారు. ఆ పేరే బ్యారక్స్ అన్న మాట నుంచి వచ్చింది. ఏ.సీ. గార్డ్స్ పేరు ఆఫ్రికన్ అశ్విక దళానిది. నిజాం మంత్రి మహారాజా చందూలాల్ కాలంలో, 1832లో, పంజాబు నుంచి రంజిత్ సింగ్ పంపిన లాహోరీ ఫౌజు వారసులే సిఖ్ ఛావ్‌నీ కుటుంబాలు. కలం పట్టి వచ్చిన కాయస్థులు, ఖత్రీలు, మరాఠీ బ్రాహ్మణులు దివానులో లెక్కలు రాశారు. బేగంబజారులో, కార్వాన్‌లో గుజరాతీ, మార్వాడీ సాహుకార్లు వడ్డీవ్యాపారం నడిపారు. 1806లో సికింద్రాబాదు ఏర్పడ్డాక కంటోన్మెంటు వెంట తమిళ మొదలియార్లు, పార్సీలు లష్కరుకు వచ్చారు. 1874లో వాడీ నుంచి రైలు వచ్చాక ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు లాలాగూడ చుట్టూ పెరిగాయి. 1947 తర్వాత సింధీలు వచ్చారు. ఒక్కో గుంపు అడుగుజాడలు ఒక్కో రకం దఫ్తరంలో, ఒక్కో లిపిలో ఉన్నాయి. మీ కుటుంబం ఏ తోవన వచ్చిందో ముందుగా తేల్చుకుంటే ఏ తలుపు తట్టాలో తెలుస్తుంది.

మొదటి మెట్టు: బతికున్నవారి దగ్గరికి వెళ్లడం

కచేరీలు ఎక్కడికీ పోవు. ఎనభై దాటిన పెద్దమ్మ మాత్రం వచ్చే ఏడాదికి ఉంటుందో లేదో తెలియదు. కాబట్టి మొదటి రెండు నెలలు పూర్తిగా మనుషులకే ఇవ్వండి. ఫోను రికార్డరు ఆన్ చేసే ముందు అనుమతి అడగండి. ఒక్కసారి కూర్చుంటే సరిపోదని, మూడు నాలుగు సార్లు వస్తారని చెప్పి ఉంచండి. మొదటిసారి చెప్పినదాని కంటే రెండోసారి, మధ్యలో వాళ్లంతట వాళ్లు నెమరువేసుకున్నాక చెప్పేదే నిండుగా ఉంటుంది.

"మన వంశం ఎక్కడిది" అని అడిగితే అందరూ చెప్పే కథే వస్తుంది. దానికి బదులు చిన్న ప్రశ్నలు వేయండి. పిల్లల పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయిస్తారు? ఇలవేల్పు ఎవరు, ఆ గుడి ఏ ఊళ్లో ఉంది? పెళ్లిలో మొదటి శుభలేఖ ఎక్కడికి పంపుతారు? నాయనమ్మను ఇంట్లో ఏమని పిలిచేవారు? ఆమె పుట్టిల్లు ఏ ఊరు? లెక్కపెట్టేటప్పుడు, కోపం వచ్చినప్పుడు, జోలపాడేటప్పుడు ఆమె నోట ఏ భాష వచ్చేది? మూడు తరాలుగా తెలుగే మాట్లాడుతున్న ఒక మరాఠీ కుటుంబంలో ఊరి పేరు ఎవరికీ గుర్తులేదు కానీ, కులదైవానికి మొక్కు తీర్చడానికి ముత్తాత ప్రతి ఏటా తుల్జాపూర్ వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు ఒక పల్లెలో రెండు రోజులు ఆగేవాడని ఒక ముసలామె చెప్పింది. ఆ పల్లె పేరే మాకు కావలసిన పేరు. మార్వాడీ కుటుంబాలకు కులదేవి గుడి కూడా ఇలాగే రాజస్థాన్‌లోని మూలగ్రామం వైపు వేలు చూపిస్తుంది.

ఆడవారి పుట్టిళ్ల గురించి ప్రత్యేకంగా అడగాలి. సంబంధాలు సాధారణంగా వచ్చిన చోటినుంచో, తోటి వలసదారుల నుంచో కలుపుకొనేవారు కనుక, కోడళ్ల ఊళ్లను వరుసగా రాసుకుంటే వలస మార్గం కళ్లముందుకు వస్తుంది. ఏ తరంలో కోడలు మొదటిసారి హైదరాబాదు పిల్ల అయిందో, ఆ తరంలోనే కుటుంబం ఇక్కడిదైపోయిందని నేను లెక్కవేస్తాను.

రెండో మెట్టు: ఇంట్లోని కాగితం

ఇప్పుడు ట్రంకుపెట్టె తెరవండి. దేన్నీ మడత మార్చకుండా, ఉన్న వరుసలోనే ముందు ఫోటోలు తీయండి. ఏ కాగితం పక్కన ఏ కాగితం ఉందన్నది కూడా సాక్ష్యమే. పట్టాలు, దస్తావేజులు, బడి నుంచి ఇచ్చిన బదిలీ పత్రం, సర్వీసు పుస్తకం, పింఛను కాగితాలు, రేషన్ కార్డు, పెళ్లి శుభలేఖలు, దినకర్మ కార్డులు, ఫోటోల వెనక స్టూడియో ముద్రలు, పూజగదిలోని పాత పంచాంగాల అంచుల మీద రాసిన పుట్టిన గడియలు, ఇవన్నీ పనికొస్తాయి. జాతకచక్రాలను తేలిగ్గా తీసుకోవద్దు. పుట్టిన ఊరు, తండ్రి పేరు, గోత్రం, ఒక్కోసారి తాత పేరు కూడా వాటిలో ఉంటాయి. తుప్పు పట్టిన గుండుసూదులను లాగవద్దు, టేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు.

పాత హైదరాబాదు కుటుంబమైతే ముల్కీ సర్టిఫికెట్, అంటే స్థానికుడని ఇచ్చే పత్రం, ఉందేమో వెతకండి. 1919 ఫర్మానా (రాజాజ్ఞ) ప్రకారం నిజాం సర్కారు కొలువుకు ముల్కీ అయి ఉండాలి. బయటినుంచి వచ్చినవాడు పదిహేనేళ్లు ఇక్కడ స్థిరనివాసం ఉండి, పాత ఊరికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నానని ప్రమాణపత్రం ఇస్తేనే ఆ హక్కు దక్కేది. అంటే ఒక వలసదారుడు తన సొంత ఊరిని వదులుకుంటున్నానని చేవ్రాలు చేసిన క్షణం కాగితం మీద మిగిలి ఉందన్నమాట. సర్టిఫికెట్టు మీద ఒక్క పేరే ఉన్నా, దాని కోసం పెట్టిన దరఖాస్తు దొరికితే తండ్రి వివరాలు, వచ్చిన చోటు తెలిసే అవకాశం ఎక్కువ. పాత కొలువు ఫైళ్లలో దీన్ని తప్పక అడగండి.

మూడో మెట్టు: తేదీలు, లిపులు

ఈ మెట్టు దగ్గర తొందరపడి దాటినవాళ్లు తర్వాత ఏళ్ల తరబడి తప్పుడు వంశవృక్షం మోస్తారు.

నిజాం కాలపు సర్కారీ కాగితాల్లో తేదీ ఫసలీలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో, ఉంటుంది. 19వ శతాబ్దం చివరి నుంచి 1948 దాకా ఇక్కడి ఫసలీ సంవత్సరం ఆజుర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. నెలలు వరుసగా ఆజుర్, దై, బహ్‌మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దిబిహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. మొదటి మూడు నెలలకు ఫసలీ సంఖ్యకు 590, మిగతా తొమ్మిదింటికి 591 కలపాలి. ఉదాహరణకు కాగితం మీద ఖుర్దాద్ 1332 ఉంటే, ఖుర్దాద్ ఏడో నెల కనుక 591 కలిపి 1923 ఏప్రిల్ ప్రాంతమని తేల్చుకోవాలి. అదే ఆజుర్ 1332 అయితే 1922 అక్టోబరు అవుతుంది. లెక్క సరిచూసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను: 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగేనాటికి ఇక్కడ నడుస్తున్నది 1357 ఫసలీ. కోస్తా జిల్లాల ఫసలీ మాత్రం జులై 1న మొదలవుతుంది. సంఖ్య ఒకటే అయినా నెల మారిపోతుంది. మీ కుటుంబం కృష్ణానది దాటి వచ్చినదైతే రెండు లెక్కలూ అవసరమవుతాయి.

మసీదు, దర్గా, సమాధుల దగ్గర హిజ్రీ సంవత్సరం కనిపిస్తుంది. హిజ్రీ సంఖ్యను 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తుశకం దాదాపుగా వస్తుంది. మూసీ వరద వచ్చిన 1326 హిజ్రీని ఇలా లెక్కిస్తే 1908 వస్తుంది. కొన్ని సమాధి ఫలకాల మీద సంఖ్య అసలు ఉండదు. చివరి పద్యపాదంలోని అక్షరాలకు అబ్జద్ పద్ధతిలో విలువలు కట్టి కూడితే చనిపోయిన ఏడు వస్తుంది. మీర్ మోమిన్ దాయరా వంటి పాత శ్మశానవాటికలకు వెళ్లేవారు ఫలకం మొత్తాన్ని, పద్యంతో సహా, పొద్దుటి ఏటవాలు వెలుతురులో ఫోటో తీసుకోవాలి. ఫలకం మీద సుద్ద రుద్దవద్దు.

ఇక లిపి సంగతి. 1880ల నడుమ దాకా సర్కారు భాష ఫారసీ, ఆ తర్వాత ఉర్దూ. రెండూ తరచుగా షికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఉంటాయి. అచ్చు ఉర్దూ చదవగలిగినవారు కూడా దాన్ని చదవలేక తడబడతారు. సొమ్ము సంఖ్యలు సియాఖ్ గుర్తుల్లో ఉంటాయి. మరాఠీ లెక్కలు మోడీ లిపిలో, మార్వాడీ ఖాతాలు మహాజనీ లిపిలో, పార్సీ కాగితాలు గుజరాతీలో ఉంటాయి. ఇవన్నీ నేర్చుకోవాలని నేను అనను. కానీ మీ కుటుంబం పేరు, ఊరు పేరు, వృత్తి పేరు, ఈ మూడు మాటలు ఆ లిపిలో ఎలా ఉంటాయో తెలిసినవారితో రాయించుకుని, ఆ చీటీ జేబులో పెట్టుకోండి. ఒక పెద్ద ఫైలులో మీ పేజీ ఏదో గుర్తుపట్టడానికి అది చాలు. పూర్తిగా చదివించడానికి ఆ ఒక్క పేజీతో పండితుడి దగ్గరికి వెళ్లవచ్చు.

నాలుగో మెట్టు: తార్నాక

తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారం ఈ మొత్తం అన్వేషణకు గుండెకాయ. షాజహాన్, ఔరంగజేబు కాలాల నాటి దక్కను పత్రాలు ఒకటిన్నర లక్షల దాకా ఇక్కడ ఉన్నాయి. దఫ్తరే దివానీ, దఫ్తరే మాల్ వంటి అసఫ్‌జాహీ కచేరీల కాగితమంతా ఇక్కడికే చేరింది. ఈ రెండు దఫ్తరాలను తరతరాలుగా నడిపిన కుటుంబాలు కూడా వలస వచ్చినవే: దఫ్తరే మాల్ మాల్‌వాలా కాయస్థుల చేతిలో, దఫ్తరే దివానీ రాయ్‌రాయాన్ మరాఠీ బ్రాహ్మణుల చేతిలో ఉండేవి.

అక్కడికి వెళ్లి "మా ముత్తాత పేరు చూడండి" అంటే ఎవరూ ఏమీ చేయలేరు, ఎందుకంటే కాగితాలు పేర్ల వరుసలో లేవు. శాఖలవారీగా, సంవత్సరాలవారీగా ఉన్నాయి. మొట్టమొదట తెల్లకాగితం మీద రాసుకున్న రెండు వాక్యాలు ఇప్పుడు అక్కరకు వస్తాయి. సైన్యమా, మాల్ (రెవెన్యూ) శాఖా, సర్ఫేఖాసా (నిజాం సొంత ఎస్టేటు), కొత్వాలీయా (పోలీసు)? సుమారు ఏ ఫసలీ? ఈ రెండూ చెప్పగలిగితే పని మొదలవుతుంది. గుర్తింపు పత్రం, పరిశోధనాంశం రాసిన దరఖాస్తు తీసుకువెళ్లండి, తీరికగా వారం రోజులు పెట్టుకోండి.

జాగీరు, ఇనాము వంటి భూముల్లో, మన్సబు, రుసూము వంటి సర్కారు భత్యాల్లో ఏదైనా అనుభవించిన కుటుంబాలకు ఇక్కడ నిధి ఉంది. హక్కుదారు చనిపోయినప్పుడల్లా వారసత్వ విచారణ జరిగేది. ఆ విచారణ ఫైలును విరాసత్ మిసల్ అంటారు. విచారణ ముగిశాక ఎవరికి ఎంత వాటా అన్నది ముంతఖబ్ అనే పత్రంగా ఇచ్చేవారు. 1949లో, 1358 ఫసలీ నాటి జాగీర్ల రద్దు చట్టం వచ్చాక, 1952 అతియాత్ (సర్కారు దానాల) విచారణల చట్టం కింద ఈ తగాదాలు ఇంకా చాలాకాలం నడిచాయి. తగాదా పడిన కుటుంబం చరిత్రకారుడికి వరం అని నేను మనస్ఫూర్తిగా చెప్పగలను. గొడవ లేని ఇంట్లో ఒక్క పేరు మిగిలితే, దాయాదులు కోర్టుకెక్కిన ఇంట్లో ఆరు తరాలు మిగులుతాయి.

అలాంటి మిసల్ ఒకటి ఒక మిత్రుడి కుటుంబం కోసం నేను దగ్గరుండి చూశాను. పాతబస్తీలో స్థిరపడిన కాయస్థులు వాళ్లు. పసుపుపచ్చబడ్డ మందపాటి కాగితం పైభాగాన ఒక గుండ్రటి గీత, అందులో మొట్టమొదట మన్సబు పొందినవాడి పేరు. అక్కడినుంచి కొమ్మల్లా కిందికి గీతలు. ఇదే షజ్రా, అంటే వంశవృక్షం. చనిపోయినవారి పేరు కింద ఫౌత్ అని, సంతానం లేనివారి కింద లావల్ద్ అని సన్నగా రాసి ఉంది. మగపిల్లలందరి పేర్లూ ఉన్నాయి. ఆడపిల్లలకు మాత్రం పేరు లేకుండా దుఖ్తర్, అంటే కూతురు, అన్న ఒక్క మాటే. మిత్రుడు వెతుకుతున్నది తన నాయనమ్మ గారి అత్తగారి పేరు. ఆమె ఆ చెట్టులో ఎక్కడా లేదు. అదే మిసల్‌లో పది పన్నెండు పేజీల తర్వాత గుజారా జాబితా ఉంది. వితంతువులకు నెలనెలా ఎంత భత్యం ఇవ్వాలో రాసిన ఆ జాబితాలో ఆమె పేరు, ఆమె భర్త పేరు, నెలకు కొద్ది రూపాయల మొత్తం, పక్కన వేలిముద్ర ఉన్నాయి. అరవై దాటిన ఆ మిత్రుడు ఆ వేలిముద్ర మీద తన వేలు ఆనించబోయి, కాగితం పాడవుతుందని గుర్తొచ్చి, చేయి వెనక్కి తీసుకున్నాడు. అప్పటినుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: షజ్రా దొరకగానే ఫైలు మూసేయకండి, గుజారా దాకా చదవండి.

కొలువు చేసినవారి పేర్లు సర్కారు గెజెటు అయిన జరీదాలో, అధికారుల సివిల్ లిస్టుల్లో అచ్చయ్యేవి. పాత జరీదాలను, ఉర్దూ పత్రికలను అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో కూడా అడిగి చూడవచ్చు. తెలుగు పత్రికల పాత సంచికల కోసం 1901లో స్థాపించిన సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మంచి చోటు.

ఐదో మెట్టు: నేల, ఇల్లు

భూమి ఉన్న కుటుంబాలు తహసీలు కచేరీలో సేత్వారు, 1954–55 ఖాస్రా పహాణీ, 1955–58 చేసాల పహాణీ అనే పాత భూమి రికార్డుల నకళ్లు అడగాలి. ఖాస్రా పహాణీలో పట్టాదారు పేరు, కబ్జాదారు పేరు వేర్వేరు కాలమ్‌లలో ఉంటాయి. ఆ రెండు పేర్ల మధ్య సంబంధం ఏమిటో తేల్చుకుంటే ఒక్కోసారి అన్నదమ్ముల పంపకం, ఒక్కోసారి కౌలు కథ బయటపడుతుంది. నగరంలోని ఇళ్లకు లియొనార్డ్ మన్ పర్యవేక్షణలో 1912–15 నడుమ తయారైన మునిసిపల్ పటాలు ఎంతో విలువైనవి. గల్లీ గల్లీని, ఇంటి ఇంటి ఆవరణను కొలిచి గీసిన ఆ పటం మీద మీ పాత ఇల్లు ఉన్న చోటును పట్టుకుంటే, చుట్టూ ఉన్న దేవుడీ (నవాబుల భవనం), బావి, మసీదు, గుడి పేర్లను బట్టి పొరుగువారెవరో తెలుస్తుంది. వలస కుటుంబాలు ఒకే గల్లీలో కట్టకట్టుకుని ఉండేవి కనుక పొరుగువారి చరిత్రలో మీ చరిత్ర సగం ఉంటుంది.

1948 తర్వాత పాకిస్తాన్ వెళ్లిపోయిన బంధువులున్న కుటుంబాలు, అటునుంచి వచ్చిన సింధీ కుటుంబాలు, 1950 నాటి ఖాళీచేసి వెళ్లినవారి ఆస్తుల చట్టం, నిర్వాసితుల క్లెయిముల ఫైళ్లను గుర్తుపెట్టుకోవాలి. వదిలి వచ్చిన ఇంటిని గది గదిగా వర్ణించిన క్లెయిములు ఉంటాయి.

జనాభా లెక్కల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. విదేశాల్లో మాదిరి పేర్లతో కూడిన పట్టికలు ఇక్కడ చూడనివ్వరు. 1948 జనగణన చట్టం ప్రకారం వ్యక్తుల వివరాలు రహస్యం.

ఆరో మెట్టు: సమాజం దాచుకున్న పుస్తకాలు

ముస్లిం కుటుంబాలకు నికాహ్ రిజిస్టర్లు మొదటి ఆధారం. హైదరాబాదులో ఖాజీలకు ప్రాంతాలవారీగా అధికార పరిధి ఉండేది. పెళ్లి జరిగిన మొహల్లా ఏ ఖాజీ కిందికి వచ్చేదో తెలుసుకుని సియాహా అనే వివాహపత్రపు నకలు కోసం అడగాలి. వధూవరుల తండ్రుల పేర్లు, వరుడు వధువుకు ఇచ్చే మెహర్ మొత్తం, వకీలు (పెళ్లిలో వధువు తరఫు ప్రతినిధి), సాక్షుల పేర్లు దానిలో ఉంటాయి. సాక్షులు తరచూ మేనమామలో బాబాయిలో అయి ఉంటారు కాబట్టి వాళ్ల పేర్లు కూడా రాసుకోండి. బార్కస్ కుటుంబాలకు పేరే వంశావళి: తన పేరు, బిన్, తండ్రి పేరు, బిన్, తాత పేరు, చివర తెగ పేరు. బావజీర్ లాంటి 'బా' తో మొదలయ్యే ఇంటిపేర్లు హద్రమౌత్ ముద్ర. బడి రిజిస్టరులో ఈ గొలుసును కుదించి రాశారేమో సరిచూడండి.

క్రైస్తవ, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకు చర్చి రిజిస్టర్లలో జ్ఞానస్నానం, పెళ్లి, ఖననం వివరాలు ఉంటాయి. సికింద్రాబాదు కంటోన్మెంటు చర్చిల పట్టికల నకళ్లు మద్రాసు ప్రెసిడెన్సీ ద్వారా లండన్ చేరేవి. అవి బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో మద్రాసు వరుసలో ఉన్నాయి. పార్సీ కుటుంబాలు సికింద్రాబాదులోని అగియారీని (అగ్ని దేవాలయం), అంజుమన్‌ను (పార్సీ సంఘం) సంప్రదించాలి.

ఉత్తరాది నుంచి, మరాఠా దేశం నుంచి వచ్చిన హిందూ కుటుంబాలకు తీర్థ పురోహితుల వహీలకు, అంటే వంశాల పేర్ల పుస్తకాలకు, మించినది లేదు. హరిద్వార్, గయ, కాశీ, త్ర్యంబకేశ్వర్‌లలో పండాలు ఊరు, కులం ప్రకారం యాత్రికుల పేర్లను తరతరాలుగా రాసి ఉంచారు. వెళ్లేటప్పుడు హైదరాబాదు పేరు చెప్పి వెతకమనకండి. వలసకు ముందున్న ఊరి పేరు చెప్పాలి. అందుకే మొదటి మెట్టులో పుట్టువెంట్రుకల ప్రశ్న అడగమన్నాను. కొన్ని వహీల ఛాయాచిత్రాలు ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు.

తెలుగు కులాలకు రాత కంటే నోరు పెద్ద దఫ్తరం. కాపు, రెడ్డి కుటుంబాలకు పిచ్చుకగుంట్లవారు గోత్రాలు, వంశాలు చెబుతారు; పద్మశాలీలకు కూనపులివారు పటం పట్టి కథ చెబుతారు; మాదిగలకు డక్కలివారు, లంబాడాలకు ఢాడీలు, భాట్‌లు ఉన్నారు. వీళ్లు చెప్పే కథలో మొదటి భాగం పురాణం, చివరి ఐదారు తరాలు ఊరి చరిత్ర. పురాణభాగాన్ని గౌరవంతో విని, చివరి తరాల దగ్గర కలం పట్టండి. వారికి ఇవ్వవలసిన సంభావనను ఆనవాయితీ ప్రకారం, బేరం లేకుండా ఇవ్వండి. మనం రాసుకోనిదాన్ని వాళ్లు పొట్ట కట్టుకుని గుర్తుపెట్టుకున్నారు.

ఏడో మెట్టు: వెళ్లిపోయిన కొమ్మలు

వచ్చినవారి వెనక వెళ్లినవారు కూడా ఉంటారు. పాలమూరు కూలీలు, కరీంనగర్ పద్మశాలీలు బొంబాయి, షోలాపూర్, భివండీ వెళ్లారు; బొంబాయిలో కామాఠిపురాకు ఆ పేరు తెలుగు కూలీల వల్లే వచ్చింది. కోస్తా నుంచి మేస్త్రీల వెంట రంగూన్ వెళ్లినవారిని బర్మాలో కోరంగి రేవు పేరుతో కోరంగీలు అనేవారు. మా తాతమ్మ తమ్ముడు అలా వెళ్లినవాడే. 1942లో జపాను దాడి తర్వాత లక్షలమందితో పాటు నడిచి బయలుదేరాడని మాత్రమే ఇంట్లో తెలుసు. ఇలాంటి కుటుంబాలు బర్మా నుంచి తిరిగివచ్చినవారి గుర్తింపు కాగితాలను, విశాఖపట్నంలోని బర్మా క్యాంపు వంటి పునరావాస బస్తీల పెద్దలను వెతకాలి.

ఒప్పంద కూలీలుగా వెళ్లినవారి రాతలు ఆశ్చర్యపడేంత వివరంగా ఉన్నాయి. మద్రాసు నుంచి ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది; మారిషస్‌కు 1830ల నుంచి, ఫిజీకి మద్రాసు రేవు ద్వారా 1903 నుంచి తెలుగువారు వెళ్లారు. ఓడ పట్టికలో ఒక్కో మనిషికి ఒక వరుస: సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చ. ఇంటిపేరు ఉండదు. ఊరి పేరును తెల్లవాడు చెవికి వినబడినట్టు రాసుకున్నాడు కనుక, ఇంగ్లీషు స్పెల్లింగును నోటితో రకరకాలుగా పలికి చూసి, ఆ తాలూకా గ్రామాల జాబితాతో పోల్చుకోవాలి. దక్షిణాఫ్రికా నుంచి ఎవరైనా ఊరు వెతుక్కుంటూ హైదరాబాదు వస్తే, ముందు ఓడ పట్టికలో వారి పూర్వీకుడికి ఇచ్చిన సంఖ్య అడగండి. ఆ సంఖ్య ఉంటే డర్బన్‌లోని గాంధీ లుతులి కేంద్రంలో, మారిషస్ వారైతే మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో అసలు వరుస దొరుకుతుంది. మారిషస్ పత్రాల్లో కొన్నిటికి ఫోటో కూడా ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: తూకం

ప్రతి పాత కుటుంబమూ "మేము మొదటి అసఫ్‌జా వెంట వచ్చాం" అంటుంది. దాన్ని కొట్టిపారేయనక్కరలేదు, లెక్కవేసి చూడాలి. నిజాముల్‌ముల్క్ దక్కనులో నిలదొక్కుకున్నది 1724లో. రాజధాని ఔరంగాబాదు నుంచి హైదరాబాదుకు మారింది 1763 ప్రాంతంలో. అంటే ఆయన వెంట వచ్చిన కుటుంబం కనీసం ఒకటి రెండు తరాలు ఔరంగాబాదులో ఉండి ఉండాలి. అక్కడ ఇల్లు, సమాధి, గుడి ఏదైనా ఉందా? తరానికి పాతికేళ్ల నుంచి ముప్పై ఏళ్లు వేసుకుంటే మూడు వందల ఏళ్లకు పది నుంచి పన్నెండు తరాలు రావాలి. మీ వంశావళిలో ఆరే పేర్లుంటే, మధ్యలో పేర్లు జారిపోయి ఉండాలి, లేదా కుటుంబం చందూలాల్ కాలంలోనో సాలార్‌జంగ్ కాలంలోనో వచ్చి ఉండాలి. రెండోదే ఎక్కువసార్లు నిజమవుతుంది, అందులో చిన్నతనం ఏమీ లేదు.

తేదీలు కలవనప్పుడు, ఆ సంఘటనకు దగ్గరగా, దానితో లాభం లేనివాడు రాసిన కాగితాన్ని నమ్మండి. సర్వీసు పుస్తకంలో పుట్టినతేదీ పదవీవిరమణను వెనక్కి నెట్టడానికి మారి ఉండవచ్చు. మేనత్త "మూసీ వరద ఏడు నాకు నెల తప్పింది" అన్న మాటే నిజం కావచ్చు. ప్రతి పేరు పక్కన అది ఏ కాగితంలో, ఏ పేజీలో దొరికిందో అప్పటికప్పుడు రాయండి. ఒక్క ఆధారమే ఉన్నదానికి పెన్సిల్, రెండు స్వతంత్ర ఆధారాలున్నదానికి సిరా వాడే పద్ధతి నాకు బాగా పనికొచ్చింది.

డీఎన్ఏ పరీక్షల గురించి చాలామంది అడుగుతారు. హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆఫ్రికా సంతతి సిద్దీలు, పార్సీల మూలాల మీద చేసిన పరిశోధనలు గొప్పవి, కానీ అవి సమూహాల చరిత్ర చెబుతాయి. కంపెనీలు అమ్మే పరీక్ష మీ ముత్తాత ఏ ఊరివాడో చెప్పదు. విదేశంలో విడిపోయిన దాయాదిని వెతకడానికి అది ఒక్కోసారి పనికొస్తుంది. పిల్లల పుట్టుక గురించి ఇంట్లో దాచిన రహస్యాలను కూడా బయటపెడుతుంది. పెద్దలతో మాట్లాడకుండా ఆ గొట్టంలో ఉమ్మి వేయవద్దు.

తొమ్మిదో మెట్టు: రాసి పంచడం

అంతా దొరికాక రాద్దామనుకుంటే ఎప్పటికీ రాయలేరు. తరానికి ఒక పేజీ చొప్పున ఇప్పుడే మొదలుపెట్టండి. చెట్టు గీయడానికి ఉచితంగా దొరికే గ్రాంప్స్ వంటి సాఫ్ట్‌వేర్ చాలు. పేర్లను తెలుగులోను, అసలు పత్రంలో ఉన్న లిపిలోను రెండు విధాలా ఎక్కించండి, లేకపోతే తర్వాత వెతికేవారు ఆ కాగితాన్ని మళ్లీ పట్టుకోలేరు. బతికున్నవారి పుట్టినతేదీలు, చిరునామాలు, రెండో పెళ్లిళ్లు, దత్తతలు బయటికి వెళ్లే ప్రతిలో ఉండకూడదు. కులం మారినట్టో, బానిసత్వం నుంచి వచ్చినట్టో, మతం మారినట్టో ఆధారం దొరికితే ముందు ఆ కొమ్మకు చెందిన పెద్దవారికి ఒంటరిగా చూపించండి. అచ్చు వేయాలా వద్దా అన్న మాట వాళ్లది.

తొలి ప్రతిని ముద్రించి, కుడివైపు సగం పేజీ ఖాళీగా వదిలి, బంధువులందరికీ పంపండి. పక్కన ఒక పెన్ను కూడా పెట్టండి. ఫోన్లో చూపిస్తే "బాగుందమ్మా" అని ఊరుకునే పెద్దత్తయ్య, చేతిలో కాగితం, పెన్ను పెడితే ముగ్గురి పేర్లు కొట్టేసి ఐదుగురి పేర్లు రాస్తుంది.